ఇంటి స్థలంలో బోరు వేయించాలి: ముందే ఏమేం చూసుకోవాలి?

కొత్తనేల:
ఖాళీ స్థలంలో ఇల్లు మొదలుపెట్టబోతున్నాం. కుళాయి నీళ్లు అక్కడి దాకా రావు, బోరే ఆధారం. ఎంత లోతు పోవాలని అడిగితే ఒక్కొక్కరూ ఒక్కో అంకె చెబుతున్నారు. వేయించినవారు మీ అనుభవం చెప్పండి.

రాతిపొర:
లోతు సంగతి తరువాత. ముందు చుట్టుపక్కల బోర్లున్న వారిని కలవండి. నీళ్లు ఎన్ని అడుగుల దగ్గర తగిలాయి, ఎండాకాలంలో మట్టం ఎక్కడికి దిగుతుంది, ఈ రెండూ అడగండి. గ్రానైటు వంటి గట్టి రాయి అయితే నీళ్లుండేది పగుళ్లలోనే. లోతుకు పోయేకొద్దీ పైబరువుకు ఆ పగుళ్లు బిగుసుకుంటాయి కనుక అడుగులు పెంచినంత మాత్రాన నీళ్లు పెరగవు. మా బోరుకూ పక్కింటి బోరుకూ లోతులో పోలికే లేదు. ఇసుక నేలల్లో నీటిపొర విశాలంగా పరుచుకుని ఉంటుంది, అక్కడ ఇసుక లోపలికి రాకుండా సన్నని చీలికలున్న పైపు వేయాలి.

పచ్చికబయలు:
చోటు కూడా ముఖ్యమేనండీ. సెప్టిక్ ట్యాంకుకు కనీసం 50 అడుగుల దూరం, వీలైతే 100 అడుగులు, అదీ ఎగువ వైపున ఉండాలి. పునాదుల కంటే ముందే బోరు వేయించేయండి. గోడలు లేచాక బండి లోపలికి రాదు. బోరు మీద స్లాబు, మెట్లు కట్టకండి, రేపు మోటారు పైకి తీయాలంటే పైన ఖాళీ కావాలి.

ఊటబావి:
నేను గట్టిగా చెప్పేది కేసింగ్ గురించి, అంటే బోరు గోడలు కూలకుండా పైభాగంలో దించే పైపు గురించి. మెత్తని మట్టి, శిథిలమైన రాయి దాటి గట్టి రాతిలోకి కొన్ని అడుగులు దిగే వరకు పైపు వేయాలి. పైపుకూ గోతి గోడకూ మధ్య సందును సిమెంటుతో గానీ, తడిస్తే ఉబ్బి సందును మూసే బెంటొనైటు మట్టితో గానీ మూయాలి. మా బోరు వేసినవారు ఆ సందు వదిలేసి వెళ్లిపోయారు. పెద్ద వాన పడితే చాలు, నీళ్లు ఎర్రగా వచ్చేవి. మురుగు కూడా అదే దారిన దిగుతుంది. పైపు నేల మీద అడుగు ఎత్తున ఉండి, మూత బిగుతుగా ఉండాలి. ఇదంతా పని మొదలుకాకముందే కాగితం మీద రాయించుకోండి.

కొత్తనేల:
చాలా ఉపయోగపడింది, ఊటబావి గారూ. డ్రిల్లింగ్ అవుతుండగా నీళ్లు బాగా ఎగజిమ్మితే ఇక సరిపోతాయని అనుకోవచ్చా?

రాతిపొర:
అనుకోవద్దు. ఆరంగుళాల బోరులో అడుగుకు సుమారు 5.5 లీటర్లు నిలుస్తాయి. 150 అడుగుల నీళ్లుంటే 800 లీటర్లకు పైనే. మొదట వచ్చేది ఆ నిల్వ, ఊట కాదు. కొన్ని గంటలు ఆపకుండా తోడిస్తూ మట్టం ఎంత దిగుతుందో, ఆపాక ఎంతసేపటికి తిరిగి లేస్తుందో కొలిపించండి. మోటారును ఆ లెక్క చూశాకే కొనండి. ఊటను మించి లాగే మోటారు నీళ్లు లేకుండా తిరిగి కాలిపోతుంది. ఊట తక్కువైనా దిగులు పడకండి, చిన్న మోటారు, పెద్ద ట్యాంకుతో ఇల్లు గడుస్తుంది.

తేటనీరు:
తాగేముందు పరీక్ష తప్పనిసరి. బోరును క్లోరిన్‌తో శుద్ధి చేయించి, ఆ వాసన పూర్తిగా పోయేవరకు తోడి, అప్పుడు నమూనా తీయండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం లీటరుకు ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు, నైట్రేట్ 50 మిల్లీగ్రాములు, ఆర్సెనిక్ 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. మురుగు కలిసిందని తెలిపే ఈ-కోలి అనే క్రిమి 100 మిల్లీలీటర్లలో ఒక్కటి కూడా ఉండకూడదు. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్, ఆర్సెనిక్ పోవు, నీరు ఆవిరైనకొద్దీ ఇంకా చిక్కబడతాయి. నీళ్లు తేటగా, తియ్యగా ఉన్నా ఇవి ఉండవచ్చు, అందుకే ఇంత పట్టుబట్టి చెబుతున్నాను.

పచ్చికబయలు:
ఒకవేళ నీళ్లు పడకపోతే ఆ గోతిని అలాగే వదిలి బండిని పంపకండి. పిల్లలు పడిపోయే ప్రమాదం ఉంది. కింది నుంచి పై వరకు పూడ్పించి, పైన సిమెంటు వేయించాకే డబ్బు లెక్క తేల్చండి.