హస్కీ పిల్లకు పేరు: సరమ, సారమేయం, శబల

ప్రశ్న

మా ఇంటికి రెండు నెలల హస్కీ కుక్కపిల్ల వచ్చింది. ఆడది. ఒక కన్ను నీలం, ఇంకోటి గోధుమరంగు. రెండు కళ్ళ పైనా చెరో తెల్లమచ్చ ఉంది. పురాణాల్లోంచి పేరు పెట్టాలని ఇంట్లో అందరి కోరిక. మా అబ్బాయి నార్స్ పురాణాల్లోని స్కాడి పేరు పెడదామంటున్నాడు, మంచుకొండల దేవత కాబట్టి. నాకేమో నోరారా పిలుచుకునే మన పేరు కావాలి. సారమేయం అంటే కుక్క అని తెలుసు. ఆ మాట ఎలా పుట్టింది? పేరుగా పనికొస్తుందా? పెద్దలు చెప్పగలరు.

జవాబు

పేపర్లలో తరచూ చూస్తుంటాం కాబట్టి, సారమేయం అంటే కుక్కను కాస్త మర్యాదగా అనే మాట అనుకుంటాం. నిజానికి అందులో ఒక తల్లి పేరుంది. వినత కొడుకు వైనతేయుడు, గంగ కొడుకు గాంగేయుడు, కుంతి కొడుకు కౌంతేయుడు. అలాగే సరమ కొడుకు సారమేయుడు. తల్లి పేరుకు 'ఏయ' చేరి, మొదటి అచ్చుకు వృద్ధి వచ్చింది, అంటే అ ఆగా, ఇ ఐగా, ఉ ఔగా మారింది. అమరకోశం కుక్కకు చెప్పిన పర్యాయపదాల్లో కౌలేయకం, కుక్కురం, శునకం, భషకంతో పాటు సారమేయం కూడా ఉంది. అంటే వీధికుక్కను సారమేయం అన్న ప్రతిసారీ దాన్ని తల్లి పేరుతో పిలుస్తున్నామన్నమాట. భీష్ముణ్ణి గాంగేయుడా అని పిలిచినంత గౌరవం అది. నాకు ఈ మాట మీద ఉన్న ప్రేమంతా అందుకే.

కాబట్టి నన్నడిగితే సారమేయం వద్దండీ. మీది ఆడపిల్ల కదా, ఆ తల్లి పేరే పెట్టండి. సరమ.

ఎవరీ సరమ అంటే, దేవశుని, దేవతల కుక్క. ఋగ్వేదం పదో మండలంలో 108వ సూక్తం మొత్తం ఆమెకూ పణులనే అసురులకూ మధ్య జరిగిన సంభాషణే. పణులు ఆవులను దాచేశారు. వాటి జాడ వెతుక్కుంటూ ఇంద్రుడి దూతగా సరమ ఒంటరిగా వెళ్ళింది. ఇంత దూరం ఎలా వచ్చావు, రసానది నీళ్ళు ఎలా దాటావు అని వాళ్ళు ఆశ్చర్యపోతారు. బెదిరిస్తారు. ఆ తర్వాత మంచిమాటల్లోకి దిగుతారు. నిన్ను చెల్లెలిగా చేసుకుంటాం, వెనక్కి వెళ్ళకు, ఆవుల్లో నీకూ వాటా ఇస్తాం అంటారు. దానికి సరమ జవాబు: "నాహం వేద భ్రాతృత్వం నో స్వసృత్వం". నాకు అన్నదమ్ముల వరసా తెలీదు, అక్కచెల్లెళ్ళ వరసా తెలీదు అని. పంపినవాళ్ళ పనే తనకు ముఖ్యం. ఈ ఒక్క వాక్యం కోసమైనా ఆ పేరు పెట్టుకోవచ్చు.

ఇక అర్థం. యాస్కుడు వేదపదాల పుట్టుక చెప్పే నిరుక్తంలో ఈ పేరును సరణం నుంచి, అంటే కదలడం, సాగిపోవడం నుంచి చెప్పాడు. హస్కీకి ఇంతకంటే దగ్గరి మాట నాకైతే దొరకలేదు. సైబీరియా ఈశాన్య మూలన చుక్చీ జనం మంచుమీద బండ్లు లాగడానికి పెంచుకున్న జాతి ఇది. పరుగు దాని ఒంట్లోనే ఉంది. 1925లో అలాస్కాలోని నోమ్ పట్టణంలో డిఫ్తీరియా ప్రబలినప్పుడు, బండి లాగే కుక్కల జట్లు ఒకదాని తర్వాత ఒకటి మందు అందుకుంటూ, సుమారు 1,085 కిలోమీటర్లు మంచులో పరుగెత్తి ఆరు రోజుల్లోపే చేర్చాయి. పోతున్న ప్రాణాల కోసం కుక్కలు దూతలుగా వెళ్ళిన కథ అది. నాకు వెంటనే రసానది దాటిన సరమే గుర్తొస్తుంది.

మన తెలుగులో ఆమెను చూడాలంటే నన్నయ దగ్గరికి వెళ్ళాలి. ఆదిపర్వం మొదట్లోనే, జనమేజయుడు యాగం చేస్తుంటే సరమ కొడుకు అక్కడ ఆడుకోవడానికి వస్తాడు. రాజు తమ్ముళ్ళు వాణ్ణి కొడతారు. ఏడ్చుకుంటూ వచ్చిన కొడుకు మాట విని, సరమ నేరుగా రాజు ముందుకే వచ్చి నిలబడుతుంది:

తగునిది తగదని యెదలో
వగవక సాధులకుఁ బేదవారల కెగ్గుల్
మొగిఁ జేయు దుర్వినీతుల
కగు ననిమిత్తాగమంబులయిన భయంబుల్

ఇది తగును, ఇది తగదు అని మనసులో ఆలోచించకుండా మంచివాళ్ళకూ పేదవాళ్ళకూ పూనుకుని కీడు చేసే పొగరుబోతులకు కారణం లేకుండానే వచ్చే భయాలు కలుగుతాయి అని అర్థం. ఎగ్గు అంటే కీడు. ఈ కందపద్యం నీతిపద్యంగా చాలామందికి కంఠతా వచ్చు. కానీ దాన్ని అన్నది ఒక తల్లికుక్క అని ఎంతమందికి గుర్తుంది? 'పేదవారలకు' అన్న మాట దగ్గర నాకు ఎప్పుడూ గొంతు పట్టేస్తుంది. కొట్టించుకున్నది తన బిడ్డ, అయినా ఆమె అడుగుతున్నది నోరులేని అందరి తరఫునా.

కళ్ళపైన మచ్చల సంగతి కూడా చెప్పారు కదా. ఋగ్వేదంలోనే పదో మండలం 14వ సూక్తంలో యముడి రెండు కుక్కలను "సారమేయౌ శ్వానౌ చతురక్షౌ శబలౌ" అన్నారు. సరమ పిల్లలు, నాలుగు కళ్ళవి, మచ్చలవి. నాలుగు కళ్ళంటే కళ్ళ పైన మరో జత కళ్ళలా కనిపించే మచ్చలని ఒక వివరణ ఉంది. మీ పిల్ల ముఖం అచ్చం అదే! శబలం అంటే రంగులు కలిసినది. అలంకారశాస్త్రంలో పలు భావాలు కలగలిసి రావడాన్ని భావశబలత అంటామే, ఆ శబలమే. రెండు రంగుల కళ్ళకు శబల కూడా ఎంతో నప్పుతుంది. రామాయణంలో వసిష్ఠుడి కామధేనువు పేరు కూడా శబలే. ఒక్కటే చిక్కు, శకారం గట్టిగా పలక్కపోతే సబల అవుతుంది. బలం ఉన్నది అనే అర్థం వస్తుంది కాబట్టి తప్పేం లేదు, కానీ మీరు పెట్టిన పేరు మాత్రం అది కాదు.

మగపిల్ల అయితే అర్జున అనేవాణ్ణి. పాండవుణ్ణి తలచుకుని కాదు. ఏడో మండలం 55వ సూక్తంలో "అర్జున సారమేయ" అని కుక్కను పిలిచి, పడుకో పడుకో అని జోకొడతారు. అక్కడ అర్జున అంటే తెల్లనివాడా అని.

మరో సభ్యురాలు

సరమ విభీషణుడి భార్య కదండీ. అశోకవనంలో సీతమ్మకు ధైర్యం చెప్పిన తల్లి. ఆ పేరు కుక్కకు పెట్టడం నాకు మనసొప్పడం లేదు. ఎవరైనా నొచ్చుకుంటారేమో.

మొదట జవాబు రాసినవారు

మీ మాటలో న్యాయం ఉందమ్మా. అందుకే దేవతల పేర్లు నేను సూచించలేదు. కానీ ఇద్దరు సరమలున్నారు, పేర్లు పుట్టిన దారులూ వేరు. విభీషణుడి భార్య మానససరోవరం ఒడ్డున పుట్టింది. వానలకు సరస్సు పొంగి వస్తుంటే, బిడ్డ ఏడుపు విన్న తల్లి "సరో మా వర్ధత", సరస్సా పెరగకు అంది. అందుకని ఆమె సరమ అయిందని ఉత్తరకాండ చెబుతుంది. ఆ పేరులో ఉన్నది సరస్సు, ఈ పేరులో ఉన్నది పరుగు. వేదకాలం నుంచీ కుక్కదిగానే ఉన్న పేరును మళ్ళీ కుక్కకు పెడితే, ఎవరి దగ్గరా లాక్కున్నట్టు కాదు. ఎవరైనా అడిగితే నన్నయ పద్యం చదివి వినిపించండి.

అడిగినవారు

మా అబ్బాయికి పణుల కథ చెప్పాను. చెల్లెలివి అన్నా లొంగలేదా అని రెండుసార్లు అడిగాడు. స్కాడి మాట మళ్ళీ ఎత్తలేదు. చిన్న సందేహం, పిలిచేటప్పుడు సరమ అనాలా, సరమా అనాలా?

మొదట జవాబు రాసినవారు

పిలుపులో చివరి అచ్చు దీర్ఘం అవుతుంది కదా, సరమా అనండి. దూరంగా ఉన్నప్పుడు ఆ 'మా'ను ఎంతసేపు కావాలంటే అంతసేపు సాగదీయవచ్చు. హస్కీలు మొరగడం కంటే ఊళపెట్టడమే ఎక్కువ కాబట్టి, అటునుంచి జవాబు కూడా అదే రాగంలో వస్తుంది.