సమస్య: ఒంటివాఁడు రెండు తుంటలయ్యె

నిర్వాహకుడు: ఆటవెలది చివరి పాదం, ప్రాసయతి (యతి చోట రెండో అక్షరాలు కలవడం: ఒంటి, తుంట). ఒంటివాడంటే ప్రధాన సంఖ్య (ఒకటీ, తానూ తప్ప వేరే భాజకం లేనిది) అనుకోండి. ఏదో ఒక పెద్ద సంఖ్య మీదే పూరించాలి. జరాసంధుడు ఎలాగూ వస్తాడని తెలుసు, ఈసారికి వదిలేయండి.

పద్యప్రియ:

ఫెర్మ నమ్మె దాని భేదింపరాదని
ఆయిలరుఁడు వచ్చి యంతు చూచె
చంద్ర వేద రసము సరిగాను భాగింప
నొంటివాఁడు రెండు తుంటలయ్యె

(ఫెర్మా, ఆయిలర్ గణితజ్ఞులు. పదాలతో అంకెలు చెప్పే పద్ధతిలో చంద్ర 1, వేద 4, రస 6. కుడి నుంచి ఎడమకు చదివితే 641.)

నిర్వాహకుడు: "అంతు చూచె" భలే కుదిరింది. "రాదని" తర్వాత "యాయిలరుఁడు" అనండి, విసంధి (సంధి చేయకుండా వదిలేయడం) పోతుంది, యతికేం ఢోకా లేదు. అసలు లోటు వేరే. "దాని" అంటే దేన్ని? సంఖ్య పద్యంలో లేదు.

గోదారిగట్టు: సంఖ్యనూ ఇరికించాను చూడండి.

శైల రంధ్ర నేత్ర శైలర్తు రంధ్రాబ్ధి
నంద నేత్ర వేద నామధారి
యాయిలరుని కత్తి యడ్డుగాఁ దగిలిన
నొంటివాఁడు రెండు తుంటలయ్యె

నిర్వాహకుడు: 7, 9, 2, 7, 6, 9, 4, 9, 2, 4. తిరగేస్తే 4294967297, అంటే రెండు 32వ ఘాతానికి ఒకటి కలిపినది. సరిపోయింది! ఇదే తీరులో ఘాతం 1, 2, 4, 8, 16 అయితే వచ్చే 3, 5, 17, 257, 65537 ప్రధానాలు కాబట్టి తర్వాతదీ అంతేనని ఫెర్మా అనుకున్నాడు. 1732లో ఆయిలర్ 641 × 6700417 అని విడగొట్టాడు. గుడ్డిగా వెతకనక్కర్లేదు: దీని కారణాంకం ఏదైనా 64 గుణిజానికి ఒకటి కలిపిన రూపంలోనే ఉండాలి. ఆ వరసలోని ప్రధానాల్లో 193, 257, 449, 577 దాటితే 641 చేతికొస్తుంది. ఆ రెండు తుంటలూ ప్రధానాలే, కాబట్టి పద్యంలో "రెండు" అక్షరాలా నిజం.

కొత్త సభ్యుడు: 1729 మీద రాయొచ్చా?

నిర్వాహకుడు: 7 × 13 × 19. మూడు తుంటలు. పైగా దాన్ని ఒంటివాడని ఎవరూ అనుకోలేదు.

లెక్కలపిచ్చి:

నోరు మెదపకుండ నొక బల్లపై వ్రాసి
కోలు గారు లెక్క కుదరఁ జూపె
మెర్సెనన్న మాట మిథ్యయై పోవఁగ
నొంటివాఁడు రెండు తుంటలయ్యె

నిర్వాహకుడు: గణితజ్ఞుడు కోల్ విడగొట్టిన 147573952589676412927 సంగతి కదా, రెండు 67వ ఘాతంలోంచి ఒకటి తీసినది. "మెర్సెనన్న" చదివి నవ్వాను. కానీ మొదటి పాదంలో యతి తప్పింది. "కుండన్ + ఒక"లో నకారం ద్రుతానిది (ముందు పదం చివరి న్), యతి "ఒ"కే చెల్లుతుంది, "నో"కి కాదు. "నునుబల్లపై" అంటే చాలు.

పద్యప్రియ: విషయంలోనూ చిక్కుంది. 1644లో గణితజ్ఞుడు మెర్సెన్ దీన్ని ప్రధానమన్నది తప్పని 1876లోనే మరో గణితజ్ఞుడు లూకా నిరూపించాడు. తుంటలేవో మాత్రం ఆయన చెప్పలేకపోయాడు. అవి 193707721, 761838257287 అని కోల్ బయటపెట్టింది 1903లో. కోల్ వల్ల మిథ్య కాలేదు.

లెక్కలపిచ్చి: అయితే మూడో పాదం ఇలా:

మెర్సెనన్న మాట మిథ్యకు సాక్షిగా

నిర్వాహకుడు: గణాలు, యతి సరే. లూకాకీ అన్యాయం జరగలేదు. ఉంచేయండి.