హాస్టల్ పిల్లలకు రాత్రి 11:30 దాకా నిద్ర పట్టడం లేదు, ఆటల వేళ ఎలా మార్చాలి?

అనంతపురం దగ్గర ఒక రెసిడెన్షియల్ స్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. తొమ్మిది, పది తరగతుల పిల్లలు 10కి లైట్లు ఆర్పినా 11:30 దాకా దొర్లుతూనే ఉంటున్నారు. పొద్దున 5కే లేపుతారు. ఈ వయసుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి, వీళ్లకు ఐదున్నర దాటడం లేదు. రెండో పీరియడ్‌కే బెంచీ మీద తల వాల్చేస్తున్నారు. ఖోఖోలో పోల్ దగ్గర మలుపు తీసుకునేటప్పుడు తూలి చీలమండ బెణికించుకుంటున్నారు, నా బెంగంతా అదే.

ఆటలు సాయంత్రం 4:30 నుంచి 6. చివరి పది నిమిషాలు పరుగు ఆపించి నడక, స్ట్రెచింగ్ పెట్టాను. టీ మాన్పించి మజ్జిగ ఇప్పిస్తున్నాం. ఫోన్లు లేవు. మిద్దె వేడేమోనని కొందరిని వరండాలో పడుకోబెట్టాం, తేడా లేదు. ఆటలు తెల్లవారి 5:30కి మార్చి చూస్తే ఇంకా అధ్వాన్నమైంది. ఈ వయసులో ఒంట్లోని నిద్ర గడియారమే ఆలస్యంగా నడుస్తుంది కదా, రాత్రి నిద్ర తొందరగా రాలేదు, పొద్దున కాళ్లు లేవలేదు. ట్యూబ్‌లైట్ల కింద 9:30 దాకా స్టడీ అవర్ ఉంది, దాన్ని కదిలించడం నా చేతిలో లేదు.

ఆ 90 నిమిషాలను ఉదయం 7 గంటల వెలుతురులో 45, సాయంత్రం 45గా విడగొడితే రాత్రి త్వరగా నిద్ర పట్టిన అనుభవం హాస్టల్ పిల్లలతో ఎవరికైనా ఉందా?