షుగర్ ఉన్నవాళ్లకి కిడ్నీ ముప్పు చెప్పే జీన్ టెస్ట్: చేయించుకోవాలా, వద్దా?

పల్నాటి మిర్చి: మా అక్కకీ నాకూ టైప్ 2 షుగర్. ఆవిడకి కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఇన్‌ఫ్లమేషన్ (ఒంటి లోపలి వాపు) జీన్లు చూసి నా సంగతి ముందే చెప్తామని ఒక ల్యాబ్ వాళ్లు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నారు. చేయించుకోమంటారా?

గోదారి గట్టు: చేయించుకోండి. రక్తసంబంధాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 1989లో అమెరికాలో టైప్ 1 ఉన్న తోబుట్టువులను పరిశీలించారు. ఒకరికి కిడ్నీ జబ్బున్న ఇళ్లలో రెండోవాళ్లలో 83 శాతం మందికి ఆ లక్షణాలు కనిపించాయి. మొదటివాళ్లకి కిడ్నీలు బాగున్న ఇళ్లలో 17 శాతమే. ఇది జీన్ల పని కాదా?

నల్లమల బాట: ఆ లెక్క నిజమే. కానీ అది చిన్న అధ్యయనం, పైగా అందులో చూసింది కుటుంబాలను, ఫలానా జీన్‌ని కాదు. ఒకే ఇంటి తిండి, ఒకే ఇంటి బీపీ కూడా అందులో కలిసే ఉంటాయి.

ఇన్‌ఫ్లమేషన్ జీన్లంటే ముందుగా వినిపించేది టీఎన్ఎఫ్ అనే జీన్. దానికి కాస్త ముందు, మైనస్ 308 అనే చోట డీఎన్ఏలో 'జి' బదులు 'ఎ' అక్షరం ఉంటే ఇన్‌ఫ్లమేషన్ పెంచే ప్రోటీన్ ఎక్కువ తయారవుతుందని వాదన. చిన్న చిన్న అధ్యయనాల్లో ఒకచోట సంబంధం ఉందన్నారు, ఇంకోచోట లేదన్నారు. 2019లో టైప్ 1 ఉన్న 19 వేలమందికి పైగా జీనోమ్ మొత్తం జల్లెడ పడితే అన్నిటికన్నా గట్టిగా నిలిచింది సీఓఎల్4ఏ3 జీన్‌లోని మార్పు. అది కిడ్నీ వడపోత పొరలోని కొల్లాజెన్ అనే ప్రోటీన్‌ది, ఇన్‌ఫ్లమేషన్‌ది కాదు. అదీ ముప్పు తగ్గించే మార్పు!

ఇన్‌ఫ్లమేషన్‌కి పాత్ర లేదనను. టీఎన్ఎఫ్ రిసెప్టర్లు (టీఎన్ఎఫ్ వచ్చి అతుక్కునే ప్రోటీన్లు) రక్తంలో ఎక్కువున్నవాళ్లకి కిడ్నీలు త్వరగా చెడతాయని 2012లో బోస్టన్ జోస్లిన్ సెంటర్ పరిశోధకులు చూపించారు. అవి రక్తంలో తిరిగే ప్రోటీన్లు, ఈ ల్యాబ్ చూస్తానంటున్న జీన్లు కావు.

గోదారి గట్టు: 2019ది యూరప్ మూలాలవాళ్ల మీద చేసింది కదండీ, మనకెలా వర్తిస్తుంది?

నల్లమల బాట: అందుకే వద్దంటున్నాను. అక్కడే తేలనిదాన్ని ఇక్కడ డబ్బులకి ఎలా అమ్ముతారు?

మిర్చి గారూ, మీ అక్కగారి జబ్బే మీకు పెద్ద హెచ్చరిక. ఏటా మూత్రంలో ఆల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి చూపించుకోండి (ఆల్బుమిన్ అంటే కిడ్నీ దెబ్బతింటే మూత్రంలోకి జారే ప్రోటీన్, క్రియాటినిన్ అంటే కిడ్నీలు బయటికి పంపే వ్యర్థం). అది 30 (mg/g) దాటితే మళ్లీ చేయించి ఖాయం చేసుకోవాలి. రక్తంలో క్రియాటినిన్, బీపీ, కంటి రెటీనా కూడా. ఆల్బుమిన్ పోతుంటే డాక్టర్లు టెల్మిసార్టన్, డపాగ్లిఫ్లోజిన్ లాంటి కిడ్నీని కాపాడే మందులు రాస్తారు. ఈ జీన్ రిపోర్ట్ చూసి ఆ మందులు మార్చరు. మూత్రం టెస్ట్ చివరిసారి ఎప్పుడు చేయించారు?

పల్నాటి మిర్చి: షుగర్, హెచ్‌బీఏ1సీ తప్ప నాకెవరూ రాయలేదండీ. సోమవారం డాక్టర్ గారిని అడుగుతాను.