గోదావరి ఒడ్డు భూమిపై నిర్ణయాధికారం ఎవరిది?

ప్రశ్న (నాగోలు నివాసి):
ఉద్యోగరీత్యా హైదరాబాదులో ఉంటున్నాను. మాది బూర్గంపహాడు వైపు గోదావరి ఒడ్డున ఉన్న కోయ గూడెం. మా తాతగారి పేరిట పట్టా ఉన్న భూమి కొంత, దాని దిగువన వరద తీశాక మావాళ్లు సాగు చేసుకునే ఒండ్రు నేల కొంత ఉన్నాయి. నగరానికి చెందిన ఒక సంస్థ రిసార్టు కోసం ఈ రెండింటినీ కలిపి దీర్ఘకాలిక లీజుకు అడుగుతూ, సర్పంచిగారి సంతకం ఉన్న పంచాయతీ తీర్మానాన్ని చూపిస్తోంది. ఆ తీర్మానంతో లీజు చెల్లుతుందా? ఇటువంటి నేలపై చివరి మాట పంచాయతీదా, గ్రామసభదా, రెవెన్యూ శాఖదా?

జవాబు 1 (విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి, సరూర్‌నగర్):
మీ కంటికి ఒకే చెలకగా కనిపించేది చట్టం దృష్టిలో రెండు భూములండీ. పట్టా భూమి మీ కుటుంబానిది. నదీగర్భం మాత్రం 1905 నాటి భూ ఆక్రమణల చట్టం ప్రకారం ప్రభుత్వానిది కాబట్టి, ఒండ్రు నేల ఆ హద్దులోకి వస్తే అక్కడ ఎన్ని తరాలు సాగు చేసినా పట్టా ఉన్నట్లు కాదు. ఆ హద్దు ఎక్కడుందో సర్వే చేయించి తెలుసుకోవలసిందే.

అయితే రిసార్టు సంస్థకు రెండు చోట్లా దారి మూసుకుపోయినట్లే. మీది షెడ్యూల్డు ప్రాంతం, అంటే గిరిజనుల రక్షణకు రాజ్యాంగం కింద ప్రకటించిన ప్రాంతం. అక్కడ గిరిజనేతరులకు భూమి బదిలీ చేయడాన్ని 1959 నాటి 1వ భూ బదిలీ నిబంధన, దానికి 1970లో వచ్చిన సవరణ (మనందరం 1/70 అనేది దీన్నే) చెల్లనిదిగా చేశాయి. అమ్మకమే కాదు, లీజు, తాకట్టు, దానం, మార్పిడి కూడా బదిలీయే. ఇక ప్రభుత్వ భూమి సంగతి. ప్రభుత్వం సైతం ఈ నిబంధనకు లోబడినదేనని, షెడ్యూల్డు ప్రాంతంలోని తన భూమిని గిరిజనేతరులకు లీజుకు ఇవ్వరాదని సుప్రీంకోర్టు 1997లో సమత కేసులో తేల్చి చెప్పింది. ప్రభుత్వానికే లేని అధికారం సర్పంచి సంతకానికి ఎక్కడినుంచి వస్తుంది?

ఇంకొక విషయం చాలామంది గమనించరు. భద్రాచలం వైపు ఒడ్డు ఆంధ్ర ఏజెన్సీలో భాగం కాబట్టి అక్కడ ఈ నిబంధన 1959 మార్చిలోనే అమలైంది. మీ ఒడ్డు పాత హైదరాబాదు రాష్ట్రంలోనిది కావడంతో 1963 డిసెంబరులో గానీ రాలేదు. అంతకుముందే కొన్నామని ఎవరైనా వాదిస్తే ఈ తేదీలే కీలకం. పాత పహాణీలు, శిస్తు రశీదులు భద్రంగా ఉంచుకోండి.

జవాబు 2 (న్యాయవాది, హిమాయత్‌నగర్):
పై జవాబుతో ఏకీభవిస్తూనే, గ్రామసభను చిన్నచూపు చూడవద్దని మనవి. షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీలకు వర్తించే 1996 నాటి పెసా చట్టం ప్రకారం గూడెం స్థాయిలోనే గ్రామసభ ఉండవచ్చు. అందులో ఓటర్లందరూ సభ్యులు. పాలకవర్గ తీర్మానం గ్రామసభ తీర్మానం కాదు. ఇసుక వంటి చిన్న తరహా ఖనిజాల లీజుకు గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ సిఫారసు తప్పనిసరి, భూసేకరణకు ముందు సంప్రదింపు తప్పనిసరి. గ్రామసభా, పంచాయతీయా అన్న ఎంపికను రాష్ట్రాలకు వదిలేయడమే ఈ చట్టంలోని అసలు లోపమని నా అభిప్రాయం, ఎందుకంటే అధికారం సభ నుంచి పైస్థాయి పంచాయతీకి జారిపోయేది అక్కడే. ఏమైనా, గ్రామసభ ఏకగ్రీవంగా ఒప్పుకున్నా 1/70 నిషేధం తొలగిపోదు.

జవాబు 3 (చైతన్యపురి నివాసి):
మూసీ ఒడ్డున ఉండేవారికి మీపాటి రక్షణ కూడా లేదు. 2012 భవన నిబంధనల మేరకు నగర పరిధిలో నది అంచు నుంచి 50 మీటర్ల వరకు నిర్మాణాలు కూడదు, కానీ ఆ అంచును ఎక్కడ గీయాలో నిర్ణయించేటప్పుడు మా అభిప్రాయాన్ని తప్పనిసరి చేసే సభ ఏదీ లేదు.

ప్రశ్న వేసినవారు:
కృతజ్ఞతలు. ఇంట్లో ఒకరు ఇప్పటికే సంస్థ కాగితాలపై సంతకం చేసి కొంత బయానా తీసుకున్నారు. దానికి ఏం చేయాలి?

జవాబు 1 (విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి):
ఆ ఒప్పందం మొదటినుంచీ చెల్లదు కాబట్టి భయపడనక్కరలేదు. భూమి వాళ్ల స్వాధీనంలోకి వెళ్లి ఉంటే, గిరిజన సంక్షేమ ప్రత్యేక డిప్యూటీ కలెక్టరుగారికి అర్జీ పెట్టండి. ఆసక్తి ఉన్నవారెవరైనా పెట్టవచ్చు, డిప్యూటీ కలెక్టరుగారు తమంత తాముగా కూడా విచారణ చేపట్టవచ్చు. బయానా మాత్రం ఖర్చు చేయకుండా పక్కన పెట్టమనండి.