శ్రావణంలో పురుడు, లంకలో పుట్టిల్లు: అమ్మమ్మను ఒప్పించడం ఎలా?

నమస్కారం. నాకు ఎనిమిదో నెల. తొలి కాన్పుకు రాజోలు దగ్గర, గోదావరి పాయల మధ్య ఉన్న లంక గ్రామంలోని పుట్టింటికి వచ్చాను. అమ్మమ్మ తన పాత నేత చీరలు చింపి పొత్తిగుడ్డలు కుడుతోంది. ఇప్పటికి ఇరవై అయ్యాయి. ముసురు పడితే అవి ఆరేదెలా? రోజుకు ఎన్ని పడతాయి?

అసలు చిక్కు వేరు. ముర్రుపాలు పిండి పారబోయాలని, బిడ్డ నాలుకకు తేనె రాయాలని, బొడ్డుకు ఆముదం అద్దాలని అమ్మమ్మ పట్టు. పుట్టిన గంటలోపే పాలు పట్టాలని, 6 నెలలు తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా వద్దని, బొడ్డును పొడిగా వదిలేయాలని డాక్టరు చెప్పారు. నేను డాక్టరు వైపే. కానీ ఏడుగురిని కని పెంచిన మనిషికి ఎదురు చెప్పేదెలా? మీ ఇళ్లలో పెద్దవాళ్లను నొప్పించకుండా ఎలా ఒప్పించారు?

బాలింతలకు పెట్టే కాయం మందు తినడానికి నాకేమీ అభ్యంతరం లేదు (బెల్లం, నెయ్యి పడితే ఏదైనా తింటాను). తలుపులు మూసి సాంబ్రాణి పొగ వేస్తామంటేనే భయంగా ఉంది.

గోదావరికి వరద వస్తే మా కాజ్‌వే మునుగుతుంది, 108 అంబులెన్సు ఊళ్లోకి రావడం కుదరదు. లంకల్లోని తల్లులూ, మీరు కాన్పుకు ఎన్నాళ్ల ముందు ఒడ్డుకు చేరారు?