అప్‌డేట్: పెళ్లిచూపుల్లో లావన్నారని రాసిన కావలి అమ్మాయిని

పెళ్లిచూపులకి వచ్చినవాళ్లు లావన్నారని, అప్పట్నుంచి రాత్రి అన్నం మానేశానని, అద్దం చూసుకోలేకపోతున్నానని రాశాను కదా. ముందు డాక్టర్‌కి చూపించుకోమన్నారు మీరంతా. నెల్లూరు వెళ్లొచ్చాను. రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ గ్రంథిని పనిచేయించే హార్మోన్) ఎక్కువుంది, అంటే థైరాయిడ్ సరిగా పనిచేయట్లేదంట. పొద్దున్నే పరగడుపున మాత్ర, ఆ తర్వాత కాసేపటికి గానీ కాఫీ లేదు. థైరాయిడ్ వల్ల పెరిగే బరువు మామూలుగా కొంచెమే, మాత్రతోనే సన్నబడిపోతానని ఆశ పెట్టుకోవద్దని డాక్టరమ్మ ముందే చెప్పింది. అలా ఉన్నదున్నట్టు చెప్పడం నాకు ధైర్యమిచ్చింది. నా బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క, 26. మన దేశంలో 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం కింద లెక్క. తగ్గాలి, కానీ పస్తులుండి కాదు అంది. రాత్రిళ్లు మళ్లీ తింటున్నాను, చేపల పులుసుతో సహా.

మనసు సంగతి వేరే. ఏడుపు ఆగని ఒక రాత్రి 14416కి ఫోన్ చేశాను. టెలీ మానస్ అది, మనసు బాధకి సాయం చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్, డబ్బులుండవు. తెలుగులోనే ఓపిగ్గా విన్నారు. దయచేసి ఈ నంబరు రాసిపెట్టుకోండి.

"తగ్గుతుందిలెండి" అని ఎవరికీ సర్దిచెప్పొద్దని అమ్మతో అనేశాను. అమ్మ ఏడ్చింది. కానీ మొన్న మేనత్త ఆ మాటెత్తితే తనే ఆపింది! అద్దం ముందు మాత్రం ఇంకా కష్టంగానే ఉంది. కొన్ని వారాలాగి మళ్లీ రక్తపరీక్ష చేయించాలి, అప్పుడు రాస్తాను.